అనంతపురంలో కూడా ఒక సాయంత్రం బ్యాండు మోగాల

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో బెంగళూరు, హైదరాబాద్ కాన్సర్ట్‌ల వార్తలు వస్తుంటాయి కదండీ, టికెట్ ఎంతకి అమ్మారు, ట్రాఫిక్ ఎక్కడిదాకా ఆగిపోయింది, ఏ హీరోయిన్ వచ్చింది, ఇదే ఉంటుంది, స్టేజీ మీద ఏం పాడారో ఎట్ల పాడారో ఒక్క ముక్క కూడా ఉండదు. మాకు కావాల్సింది ఆ ముక్కే. సినిమా పాటలు కాకుండా సొంతంగా పాట రాసుకుని గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్ పెట్టుకుని పాడే బ్యాండ్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు అనంతపురంలో కూడా ఉన్నారు సార్, ఇంజనీరింగ్ పిల్లలు, బ్యాంకులో చేసేవాళ్ళు, మెడికల్ షాపులో కూర్చునేవాళ్ళు కూడా. ఇండీ రాక్ అంటారు దీన్ని, పెద్ద కంపెనీల చేతిలో పడకుండా వాళ్ళ పాట వాళ్ళే చేసుకునేవాళ్ళ రాక్.

మా వాట్సాప్ గ్రూప్‌లో రాత్రయితే చాలు లింకులే లింకులు. ఒకరు ఇండియన్ ఓషన్ వేస్తారు, 1990లో ఢిల్లీలో మొదలైన బ్యాండు, 2000లో వచ్చిన వాళ్ళ 'కందిసా' ఆల్బమ్‌లో ఆ పేరుతోనే ఉన్న పాట కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన, అరమాయిక్ భాషలో ఉంటుంది, మాలో ఒక్కరికి కూడా ఒక్క మాట అర్థం కాదు, అయినా అది మొదలైతే గ్రూప్‌లో ఎవ్వరూ మాట్లాడరు. అదే ఆల్బమ్‌లో నర్మదా నది మీద 'మా రేవా' పాట ఉంది, ఆ బేస్ గిటార్ వినండి ఒకసారి. ఇంకొకరికి ఇంగ్లండ్ బ్యాండు ఆర్కిటిక్ మంకీస్ అంటే పిచ్చి, 2013లో వచ్చిన 'ఏఎమ్' ఆల్బమ్ మొదటి పాటే, నెమ్మదిగా అడుగులు వేసినట్టు డ్రమ్ము పడుతుంటే దానిమీద గిటార్ వంగి వంగి వస్తుంది, అది పెట్టుకుని బత్తలపల్లి రోడ్డు మీద బండి నడిపితే ఇల్లు వచ్చినా ఆపబుద్ధి కాదు. మలయాళంలో రాక్ పాడే అవియల్ వాళ్ళవి కూడా తిరుగుతుంటాయి. కొత్తగా గ్రూప్‌లోకి వచ్చినోళ్ళకి నేను మాత్రం ముందు చౌరస్తా బ్యాండ్ 'మాయ' పంపిస్తాను, మన తెలుగులో ఇట్ల కూడా చేస్తున్నారా అని అడగనోళ్ళు లేరు.

కానీ ఫోన్‌లో వినడం వేరు, ఎదురుగా నిలబడి వినడం వేరు సార్. బెంగళూరులో ఒక చిన్న హాల్లో, నాలుగు వరసల దూరంలో, డ్రమ్ము దెబ్బ చెవికి కాదు ముందు రొమ్ముకి తగులుతుంది. నేను చూసిన షోలో పాట మధ్యలో గిటార్ తీగ తెగింది, వాయించే అబ్బాయి కంగారేం పడలేదు, పక్కకి పోయి కొత్త తీగ చుట్టుకుంటుంటే డ్రమ్మర్, బేస్ గిటార్ వాయించే ఆమె ఇద్దరే ఆ పాటని లాక్కొచ్చారు, అందరూ చప్పట్లతో తాళం వేశారు, తీగ బిగించి ట్యూన్ చేసుకుని వాడు సరిగ్గా పల్లవి దగ్గర అందుకున్నాడు చూడండీ, హాలంతా అరిచింది. రికార్డింగ్‌లో ఇది దొరకదు. పక్కన నిలబడ్డ కన్నడ అమ్మాయి ఎవరో నాకు తెలీదు, షో అయినాక ఇద్దరం ఫోన్లు తీసి మాకిష్టమైన పాటలు రాసిచ్చుకున్నాం, ఇప్పటికీ పంపించుకుంటుంటాం.

కష్టం ఏమంటే బెంగళూరు మనకి నాలుగు గంటల దూరం. షో పదింటికి అయిపోతుంది, హాలు నుంచి మెజెస్టిక్ బస్టాండుకి రావాలి, బస్సెక్కితే ఊరు చేరేసరికి రెండో మూడో అవుతుంది, మగపిల్లలైతే ఎట్లనో తంటాలు పడతారు, ఆడపిల్లని ఏ ఇంట్లో పంపిస్తారు చెప్పండి. మా అమ్మ ఒప్పుకోదు, ఆమె భయం ఆమెది, నేను కాదనను. రూమ్ తీసుకుందామంటే టికెట్‌కి రెండింతలు. ఇట్ల పాట అంటే ఇష్టం ఉండి కూడా ఒక్క లైవ్ షో చూడని ఆడపిల్లలు నాకు తెలిసి ఎంతమందో, నేను ఈ లెటర్ రాసేది ముఖ్యంగా వాళ్ళ కోసమే.

అందుకే అడుగుతున్నా, అనంతపురంలో ఎందుకు పెట్టకూడదు? మనకి లలిత కళాపరిషత్ ఉంది, నాటకాలకి పేరున్న ఊరు మనది, కాలేజీల్లో ఆడిటోరియాలు ఉన్నాయి, అవి సగం రోజులు తాళం వేసే ఉంటాయి. సౌండ్ గొడవ అంటారు, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకులు వద్దన్నారు గానీ ఆడిటోరియం లాంటి మూసిన హాళ్ళకి మినహాయింపు ఉంది, పైగా మనం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించొచ్చు, పిల్లలు సిటీ ఆటోలో ఇంటికి పోతారు. టికెట్ 500 రూపాయల లోపు పెడితే దానిమీద జీఎస్టీ కూడా లేదు, ఆ పైన అయితే 18 శాతం. రెండు వందలు పెట్టండి, వస్తారు.

బ్యాండ్లు యాడున్నాయి అంటారేమో, బెంగళూరు వాళ్ళకి మనది నేషనల్ హైవే మీద ఊరే కదా, హైదరాబాద్ పోయే దారే. మన ఊర్లో కూడా మిద్దె మీద రేకుల గదిలో ఎండాకాలం చెమటలు కార్చుకుంటూ ప్రాక్టీస్ చేసే పిల్లలు ఉన్నారు, కాలేజీ ఫెస్టుల్లో వాళ్ళకి స్టేజీ ఇస్తే సినిమా పాటే వాయించమంటారు, సొంత పాట మొదలుపెడితే డీజేని పెట్టమని అరుస్తారు, అది చూసి నాకు చాలా బాధేసింది. వాళ్ళకి ఒక్క సాయంత్రం వాళ్ళ పాటే పాడుకోనివ్వాలి. ఇంకో ఆశ కూడా ఉంది నాకు, మన జిల్లాలో ఉరుము అనే జానపద వాయిద్యం వాయించే ఉరుముల వాళ్ళని అదే స్టేజీ ఎక్కించాలి. ఆ ఉరుము ఒక పక్క కొడితే ఇంకో పక్క పుల్లతో రుద్దితే వచ్చే మూలుగు లాంటి శబ్దం ఉంటుందే, దానికి ఏ బేస్ గిటార్ సరితూగదు, రెండూ కలిపి ఒక్కసారి వినాలని ఉంది.

మీరు జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న మూల ఇవ్వండి సార్, ఎక్కడ ఏ సొంత పాటల షో ఉందో, పాఠకులకి నచ్చిన పాటలు ఏవో వేయండి. హాలున్న పెద్దలు ఎవరైనా నెలకి ఒక్క శనివారం తక్కువ బాడుగకి ఇస్తామంటే మీ పేపర్ ద్వారానే చెప్పమనండి, టికెట్లు అమ్మడం, కుర్చీలు వేయడం, షో అయినాక హాలు ఊడ్చి తాళాలు అప్పజెప్పడం అన్నీ మేమే చూసుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అనంతపురం