వానలు రాకముందే మా బడికి కప్పు వేయించండి: జిల్లా విద్యాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాధికారి గారికి నమస్కారములు.

నేను ఆఫ్రికా దేశమైన మలావీ దక్షిణ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో గణితం బోధిస్తున్న తెలుగువాడిని. మా వినతులకు తమ కార్యాలయం నుండి జవాబు రానందున, ఆంగ్ల ప్రతిని తమకు సమర్పించి, ఇక్కడా స్వదేశంలోనూ ఉన్న మా తెలుగువారు సాక్షులుగా ఉండాలని ఈ లేఖను తెలుగులోనూ ప్రకటిస్తున్నాను.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను ఈ దేశంలో ఐదు లక్షల మందికి పైగా నిరాశ్రయులను చేసినప్పుడు మా బడి గోడలూ కూలాయి. నాటి నుండి చిన్న తరగతులు మామిడిచెట్టు కిందనే నడుస్తున్నాయి. నల్లబల్లను మానుకు ఆనించి, పలకలు లేని పిల్లల చేత మట్టిలో వేలితో అంకెలు దిద్దిస్తున్నాము. నవంబరులో వానలు మొదలైతే ఆ చెట్టునీడ బడి కూడా ఉండదు. అలా ఇంటిముఖం పట్టిన పిల్లల్లో కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, మళ్ళీ రారు.

1994లో ప్రాథమిక విద్యను ఉచితం చేసి, సుమారు 19 లక్షలున్న విద్యార్థుల సంఖ్యను 30 లక్షలకు చేర్చిన దేశమిది. ఆ సాహసం నాకు నేటికీ గొప్పగానే తోస్తుంది. గదులూ ఉపాధ్యాయులూ మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు.

తల్లిదండ్రులు తమ వంతుగా ఇటుకలు కాల్చి, ఇసుక మోసి బడి ఆవరణలో పోశారు. ప్రభుత్వం ఇవ్వవలసిన సిమెంటును, పైకప్పు రేకులను అక్టోబరు ముగిసేలోగా మంజూరు చేయవలసిందిగా, అది సాధ్యం కాని పక్షంలో ఎప్పటికి ఇవ్వగలరో లిఖితపూర్వకంగా తెలుపవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక గణిత ఉపాధ్యాయుడు