ఆది జాకెట్టు పంపకు

చి॥ల॥సౌ॥ అమ్మడికి, అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. నాన్న మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. నువ్వు రాత్రి పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున్నే విన్నాను. "మూడు వారాలుగా 97 దగ్గరే ఆగిపోయిందమ్మా, కడుపు కోయించుకుని కూడా ఇంతేనా" అన్నావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మాట మార్చేసి ఏం కూర వండావని అడుగుతాను. అందుకే కాగితం తీశాను.

ముందు ఆ కాటా సంగతి చూద్దాం. బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయ్యాక, 118 కిలోల మనిషివి నాలుగు నెలల్లో 97కి వచ్చావు. మొదట్లో దిగినదాంట్లో నీరు కూడా చాలా ఉంటుందట, అందుకే అంత గబగబా దిగింది. ఆ తరవాత ఒంటికి అనుమానం వస్తుంది. తిండి ఇంత తగ్గిందేమిటా అని ఖర్చు తగ్గించుకుంటుంది, కాటా ముల్లు కదలదు. డిశ్చార్జి రోజు డైటీషియన్ అమ్మాయి ఈ మాట చెబుతుంటే నువ్వు సగం నిద్రలో ఉన్నావు, నేను మాత్రం మందుల కవరు మీద రాసుకున్నాను. ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది, ఒకసారి కాదు రెండు మూడు సార్లు ఆగొచ్చు అంది. రోజుకు రెండుసార్లు కాటా ఎక్కొద్దు, వారానికి ఒక్కసారి చాలని కూడా అంది. నువ్వు పొద్దున, రాత్రి ఎక్కుతున్నావని అల్లుడుగారు నాకు చెప్పారు. ఆయన మీద కోప్పడకు, నేనే అడిగాను.

కాటా మాట అలా ఉంచు. మొన్న ఆదివారం వీడియో కాల్లో ఆ ఆకుపచ్చ చుడీదార్ వేసుకుని కూర్చున్నావు. నువ్వు ఆఫీసు గొడవ చెబుతున్నావు కానీ నా కళ్ళు భుజం కుట్టు మీదే ఉన్నాయి. సంక్రాంతికి నేను కుట్టిచ్చినప్పుడు ఆ కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చుంది, చెయ్యి ఎత్తితే చంక దగ్గర పట్టేస్తోందని రెండు కుట్లు విప్పి వదులు చేశాను కూడా. ఇప్పుడదే కుట్టు జారి చేతి మీదకి వచ్చేసింది. మెడ ఒకపక్కకి వాలిపోతుంటే ఎడం చేత్తో పైకి లాక్కుంటూ మాట్లాడుతున్నావు. ఇదంతా నీ కాటా ఆగిన మూడు వారాల్లోపలే. పోయిన నెల నువ్వు వచ్చినప్పుడు కొలిస్తే ఆ కుట్టు అంత జారలేదు, నా కొలతల పుస్తకంలో ఉంది. కాబట్టి ఏమీ జరగడం లేదని నాకు చెప్పకు. ముప్పై ఏళ్ళుగా జనం ఒళ్ళు కొలిచి అన్నం తింటున్నదాన్ని.

"సులువు దారి పట్టింది" అని మీ చిన్నత్త అన్న మాట నీ మనసులో ఇంకా ఉందని తెలుసు. ఆ సులువేమిటో ఆమె వచ్చి చూస్తే బాగుండేది. మొదటి వారాల్లో నీకు గంటకు గంటకు పట్టిందంతా నేనే. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కప్పు పక్కన పడేసి, నీ చిన్నప్పటి ఉగ్గుగిన్నె తీసి తోమాను. పెసరకట్టు తేట, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, అంతే. ఆ గిన్నెడు తాగడానికి పావుగంట. రెండు చుక్కలు ఎక్కువైతే ఎక్కిళ్ళు వచ్చి, ముక్కు కారి, గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకునేదానివి. మెత్తటి ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకున్న రోజు దాన్ని ఎంతసేపు నమిలావో! అంతకుముందు పన్నెండేళ్ళు నువ్వు మానని తిండి లేదు, తొక్కని ట్రెడ్‌మిల్ లేదు. పది కిలోలు తగ్గడం, పన్నెండు పెరగడం. "నోరు కట్టుకోండమ్మా" అని పంపేసిన డాక్టర్లను కూడా చూశాం. నోరు కట్టుకుంటే పోయేదయితే నీది ఎప్పుడో పోయేది. ఆకలి పుట్టించే ఆ ఘ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే పై భాగాన్నే, కడుపులో ముప్పాతికకు పైగా, తీసేశారని సర్జన్ గారు బొమ్మ గీసి మరీ చూపించారు. రోగం ఒంట్లో ఉంటే వైద్యం ఒంటికి చేశారు. అందులో దొంగదారి ఏముంది?

అయితే ఒక మాట దాచను. ఇప్పుడు నీకు ఆకలి లేదు కాబట్టి తక్కువ తింటున్నావు. ఏడాది తిరిగేసరికి ఆకలి కొంత వెనక్కి వస్తుందట, ఇప్పటికంటే కాస్త ఎక్కువ పడుతుందట. అల్లుడుగారు ఏదో చదివి చెప్పారు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, ఇలా ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల మందిని ఏళ్ళ తరబడి వెంటపడి చూశారట. రెండేళ్ళకు సగటున 23 శాతం బరువు తగ్గారు, ఇరవై ఏళ్ళకు చూస్తే 18 శాతం దగ్గర నిలిచారు. అంటే కొంత వెనక్కి వచ్చింది, కానీ ఎక్కువభాగం నిలబడింది. అప్పటి ఆపరేషన్లు వేరు, నీకు చేసింది వేరు, అది నిజమే. నాకు దాంట్లో అర్థమైంది ఇదీ: రేపు రెండు కిలోలు పెరిగినా అంతా పోయిందని కూలబడే పని లేదు. కానీ ఈ ఆకలి లేని నెలల్లోనే అలవాట్లు కుదుర్చుకోవాలి. తరవాత కుదుర్చుకోవడం కష్టం.

హుషారు రావడం లేదంటావు. హుషారు కోసం కూర్చుంటే నేను ఈ ముప్పై ఏళ్ళలో పది జాకెట్లు కుట్టి ఉండేదాన్ని కాదు. పండగ ముందు ఇరవై జాకెట్లు గుట్టగా పడి ఉంటే ఎవరికి ఉత్సాహం వస్తుంది? మిషను దగ్గర కూర్చుని మొదటి దానికి దారం ఎక్కిస్తాను, అంతే. నువ్వు కూడా రేపు పొద్దున ఆ మొదటి పని ఒక్కటి చూసుకో. గుడ్డు ఉడకబెట్టుకో. మిగతాది తరవాత చూద్దాం.

తిండి మాటకొస్తే, మన విస్తరి వరస నీకిక పనికిరాదు. ముందు పప్పన్నం, కూర, పులుసు, చివర పెరుగు అనే లెక్క మానెయ్. ముందు కూర తిను: చేప ముక్క, కోడిమాంసం, పనీర్, గుడ్డు, గట్టి పప్పు, ఏదుంటే అది. చోటు మిగిలితే అన్నం. నీళ్ళు తిండితోపాటు వద్దు, తిన్నాక ఓ అరగంట ఆగి తాగు. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులకు తగ్గొద్దన్నారు. గుడ్డుకు ఆరు గ్రాములే, కాబట్టి ఒక గుడ్డు తిని అయిపోయిందనుకుంటే కుదరదు. మాంసకృత్తుల పౌడరు వాసన పడటం లేదంటే చల్లని మజ్జిగలో కలుపుకుని చూడు.

జంతికలు, చేగోడీలు ఈసారి పంపడం లేదు. పిసినారితనం అనుకోకు. ఇవి నమిలితే పిండై జారిపోతాయి, కడుపు నిండినట్టే ఉండదు, డబ్బా సగం ఖాళీ అవుతుంది. బిస్కెట్లు, మిక్చర్ కూడా ఆ బాపతే. ఇలాంటివాటితోనే చాలామందికి బరువు వెనక్కి వస్తుందని ఆ డైటీషియన్ గట్టిగా చెప్పింది. వేయించిన శనగలు, కందిపొడి పంపుతున్నాను. నాన్న మాత్రం "పిల్లకి ఒక్క కజ్జికాయ అయినా" అని రెండు రోజులు సణిగారు. నువ్వు వచ్చినప్పుడు ఒకటి మధ్యకి విరిచి ఇద్దరూ చెరిసగం తినండి, ఆయన ప్రాణం శాంతిస్తుంది.

జుట్టు రాలుతోందని భయపడకు. మూడో నెల దాటాక ఇలా రాలడం మామూలే, ఆపరేషన్ దెబ్బకీ, ఒక్కసారిగా తగ్గిన బరువుకీ కుదుళ్ళు విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయట. కొన్ని నెలలకు మళ్ళీ వస్తుంది. దానికోసం యూట్యూబ్‌లో చూసిన నూనెలు కొనకు. మాంసకృత్తులు, ఐరన్ సరిపోతున్నాయో లేదో చూసుకో చాలు. మాత్రల విషయంలో మాత్రం నేను వదలను. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్, ఇవి ఈ ఏడాదికి కాదు, జన్మంతా వేసుకోవాలి. ఐరన్, కాల్షియం కలిపి మింగకు, మధ్య రెండు గంటలైనా ఉండాలి, ఐరన్ మీద టీ తాగకు. తలనొప్పికి మెడికల్ షాపులో వాడిచ్చిన నొప్పి మాత్ర మింగకు, ఏదైనా డాక్టరునడిగి వేసుకో. రోజుల తరబడి వాంతులు ఆగకపోయినా, కాళ్ళు తేలిపోతున్నట్టున్నా, కుడిపక్క డొక్కలో పొడిచినట్టు నొప్పి వచ్చినా రేపు చూద్దాం అనుకోవద్దు, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళు. తొందరగా బరువు తగ్గేవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం ఉందని ముందే చెప్పారు కదా.

ఇంకో సంగతి, ఇది తల్లిగా కాకపోతే ఎవరు చెబుతారు. పీసీఓడీతో నెలసరి తప్పుతూ వచ్చిన ఇన్నేళ్ళూ నీకు గర్భం రాదేమోనని దిగులు. ఇప్పుడు నెలనెలా సరిగ్గా వస్తోంది, బరువు తగ్గితే గర్భం వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. అయితే ఏడాది, ఏడాదిన్నర ఆగాలన్నారు, ఒళ్ళు ఇంకా కరుగుతూ ఉండగా బిడ్డకు చాలినంత అందదని. నాకు ఎలాగూ రాదులే అని ఇద్దరూ ఏమరుపాటుగా ఉండొద్దు. మీ లేడీ డాక్టరుగారిని కలిసి ఏ జాగ్రత్త తీసుకోవాలో అడుగు. మీ అత్తగారి వైపు "ఏమన్నా విశేషమా" అంటే, డాక్టరు ఆగమన్నారు అని అల్లుడుగారినే చెప్పమను. నువ్వు తల దించుకుని కూర్చోవలసిన పని లేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఏమీ తోచక దిగులుగా ఉంటోందన్నావే, అది నాకు తెలుస్తుంది. ఇదివరకు బాధ కలిగితే మిరపకాయ బజ్జీలు ఉండేవి. ఇప్పుడు బాధ ఉంది, బజ్జీ లేదు. ఆ ఆసుపత్రిలో మనసు సంగతి మాట్లాడే కౌన్సెలర్ ఉంది కదా, ఆపరేషన్ ముందు ఒకసారి కలిశావు. మళ్ళీ వెళ్ళు. పిచ్చివాళ్ళే వెళతారనుకునే కాలం పోయింది. ఆ వేళకే చెప్పులేసుకుని నడకకి బయటికి పోతే ఇంకా మంచిది. వారానికి రెండు మూడు సార్లు బరువులు ఎత్తే వ్యాయామం కూడా చెయ్యమన్నారు, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుందట.

శ్రావణంలో పెద్దమామయ్య వాళ్ళమ్మాయి పెళ్ళికి రానంటున్నావట. భోజనాల దగ్గర అందరూ చూస్తారని. రా. పంక్తిలో నీ పక్క విస్తరి నాది. వడ్డించేవాళ్ళు రెండోసారి వస్తే నేను చెబుతాను, నాకు మొహమాటం లేదు. విడిదిలో బయలుదేరే ముందే ఒక గుడ్డు, కాస్త పెరుగు తినేసి కూర్చో. బూరె ఒకటి విస్తట్లో పెట్టించుకుని ఊరుకుంటే ఎవరూ లెక్కపెట్టరు. తీపి తినాలనిపిస్తే ఒక ముక్క తుంచుకో, కానీ ఖాళీ కడుపు మీద వద్దు.

పట్టుచీర మీదకి జాకెట్టు నేనే కుడతాను. నీ పాత ఆది జాకెట్టు పంపకు, దాంతో పని లేదు. టేపు తీసుకుని అల్లుడుగారి చేత కొలిపించు: ఛాతీ, నడుము, భుజం, చేతి చుట్టు, చంక. టేపు కింద ఒక వేలు దూరాలి, బిగించి లాగొద్దని చెప్పు. చేతుల కింద చర్మం వదులుగా వేలాడుతోందని దిగులు పడ్డావు కదా, మోచేతుల దాకా చేతులు పెడతాను. ఆ చర్మం సంగతి బరువు నిలకడ అయ్యాకే ఆలోచించాలని సర్జన్ గారన్నారు, ఇప్పటినుంచీ దాన్ని పట్టుకుని ఏడవకు. లోపల రెండు పక్కలా గుడ్డ ఎక్కువ వదలను, ఇంకో వరస కుట్టుకి గీత మాత్రం గీసి ఉంచుతాను, పెళ్ళినాటికి ఇంకా తగ్గితే ఆ గీత మీదే కుట్టి అక్కడే బిగిస్తాను. సూదీ దారం నా బ్యాగులో ఉంటాయి.

కొలతలు శనివారం లోపు పంపు. ఆరో నెల రక్తపరీక్షకి తేదీ తీసుకుని నాకు ఫోన్ చెయ్, నాన్న రిజర్వేషన్ చేయించాలి, ఆ వారం నేనక్కడికి వస్తాను. అల్లుడుగారికి ఆశీస్సులు.

ఉంటాను,
మీ అమ్మ