పేటెంట్ పసుపు మీద కాదు

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసంలో ‘పసుపు మీద అమెరికా పేటెంట్ ఇస్తే మనవాళ్లు పోరాడి రద్దు చేయించారు’ అని ఒక వాక్యం ఉంది. ఏటా ఎవరో ఒకరు ఇదే మాట రాస్తారు. వాట్సాప్‌లో అయితే దానికి జెండా బొమ్మ కూడా తోడవుతుంది. మాది ఆర్మూర్ దగ్గర పసుపు పండించే కుటుంబం. నేనేమో డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇక చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

పసుపు మీద పేటెంట్ రాలేదు. 1995 మార్చిలో అమెరికా ఇచ్చిన 54,01,504 నంబరు పేటెంట్, పసుపు పొడితో గాయం మాన్పే పద్ధతి మీద. తీసుకున్నది మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్. కనిపెట్టామని సంతకం పెట్టిన ఇద్దరూ భారత సంతతి వాళ్లే. ఈ సంగతి జెండా మెసేజీల్లో ఉండదు.

వస్తువుకీ పద్ధతికీ తేడా ఏముందిలే అనుకుంటారేమో, మొత్తం కథ అక్కడే ఉంది. అమెరికా చట్టంలో మామూలు పేటెంట్‌కి నాలుగే ఖానాలు: పద్ధతి, యంత్రం, తయారుచేసిన వస్తువు, పదార్థాల కూర్పు. ప్రకృతిలో ఉన్నది ఉన్నట్టుగా ఏ ఖానాలోనూ పడదు. చేనులోంచి తవ్విన దుంప పేటెంట్‌కి పనికిరాదు. 1980లో శాస్త్రవేత్త ఆనందమోహన్ చక్రవర్తి కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ముడిచమురును తినే బ్యాక్టీరియాకి పేటెంట్ ఇవ్వొచ్చంది. అదీ ఐదుగురు ఔనంటే నలుగురు కాదన్న తీర్పు. బ్యాక్టీరియా ప్రాణమున్నదైనా, అందులో ఆయన పెట్టిన గుణం ప్రకృతిలో లేదు. 2013లో రొమ్ము క్యాన్సర్ జన్యువుల కేసులో మాత్రం తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద, ఒంట్లో ఉన్న జన్యువును విడదీసినంత మాత్రాన అది మీ సృష్టి కాదు పొమ్మన్నారు.

సూత్రాలకీ అంతే. వేడిని బట్టి రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే, నేను ఏటా బోర్డు మీద రాసిన ఆరీనియస్ సమీకరణాన్ని ఎవరైనా ఇవాళ కొత్తగా కనుక్కున్నా పేటెంట్ రాదు. అయితే 1981లో డీర్ కేసని ఒకటి వచ్చింది. రబ్బరును అచ్చులో ఉడికించేటప్పుడు లోపలి వేడిని అనుక్షణం కొలిచి, ఇదే సమీకరణంతో కంప్యూటర్ లెక్కగట్టి, సరిగ్గా ఉడికిన క్షణాన అచ్చు తెరిచే పద్ధతి. దానికి పేటెంట్ ఇవ్వొచ్చన్నారు. సమీకరణానికి కాదు, రబ్బరు ఉడికించే పద్ధతికి. ఇది చదివినప్పుడు నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది. కొప్పెరలో పసుపు ఉడుకుతుంటే గరిటెతో ఒక కొమ్ము తీసి, పుల్ల గుచ్చి చూసి, “దించుండ్రి” అనేది. ఆమె చేతిలో కంప్యూటర్ లేదు గానీ ఆ లెక్క ఉంది.

ఖానాలో పడితే సరిపోదు, కొత్తదై ఉండాలి. పసుపు పేటెంట్ ఓడిపోయింది ఇక్కడే. 1996లో మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, మా అత్తమ్మ కొడవలి గాటుకి పసుపు అద్దింది, వాళ్లమ్మా అద్దింది అంటే చెల్లదు. వేరే దేశంలో జనం వాడినంత మాత్రాన లెక్కలోకి రాదు, ఎక్కడో అచ్చయి ఉండాలి. కాబట్టి సీఎస్ఐఆర్ సంస్కృత గ్రంథాలు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం లాంటివి ముందు పెట్టింది. 1997లో పేటెంట్ ఆఫీసు ఆ హక్కులను కొట్టేసింది. ఆ లొసుగు తర్వాత పోయింది. 2013 మార్చి 16 నుంచి ప్రపంచంలో ఎక్కడ జనానికి తెలిసి ఉన్నా అది పాతదే.

అచ్చంగా ఈ కొత్తదనం షరతే మా ఇంట్లో ఎదురు తిరిగింది. మా మరిది కొడుకు పసుపు పాలిష్ డ్రమ్ము లోపల ఏటవాలుగా ఇనుప పట్టీలు వెల్డింగ్ చేశాడు. తిరుగుతుంటే కొమ్ములు ఒక పక్కకి, గోళలు (గుండ్రటి తల్లి దుంపలు) ఇంకో పక్కకి వస్తాయి. “పెద్దమ్మా, దీనికి అమెరికా పేటెంట్ వస్తదా? అక్క అక్కడ్నే ఉన్నది గదా” అని అడిగాడు. యంత్రమే కాబట్టి ఖానా దొరికింది. ఆ పనిలో ఆరితేరిన వాడికి ఇట్టే తట్టేది కాకూడదన్న షరతు దగ్గర నాకు అనుమానమే. కారు యాక్సిలరేటర్ పెడల్‌కి ఎలక్ట్రానిక్ సెన్సర్ జోడించిన పేటెంట్‌నే 2007లో సుప్రీంకోర్టు నిలబడనివ్వలేదు. అంతదాకా ఎందుకు, వాడు ఆ డ్రమ్ము వీడియో యూట్యూబ్‌లో పెట్టి రెండేళ్లు దాటింది. తానే బయటపెట్టుకున్న దానికి అమెరికా చట్టం ఒక్క ఏడాదే గడువిస్తుంది. ఆలోపు దరఖాస్తు పెట్టకపోతే వాడి వీడియోనే వాడికి అడ్డం. ఈ మాట చెప్పగానే మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ వీడియో కింద ఎవరో “కొలతలు పెట్టు అన్నా” అని అడిగితే, వీడు అంగుళాలతో సహా పెట్టాడు కూడా.

అదే వ్యాసంలో వేప పేటెంట్ కూడా అమెరికాలోనే రద్దయిందన్నట్టు రాశారు. ఆ గెలుపు మ్యూనిక్‌లోని యూరోపియన్ పేటెంట్ ఆఫీసులో, 2000లో వచ్చింది. సవరణ వేసేటప్పుడు అదీ చూడండి. ‘పసుపు మీద’ అన్నచోట ‘పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద’ అని వేయండి. ఒక లైను ఎక్కువ పడుతుంది, అంతే.

ఇట్లు,
విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
ఆర్మూర్, నిజామాబాద్ జిల్లా