మూలలో నిదురించిన విత్తనాల సంచి

ప్రొద్దుటూరు,
ఆదివారం ఉదయం.

చిరంజీవి పాపకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్నకు మోకాలి నొప్పి కొంత తగ్గింది. నువ్వు బుధవారం రాత్రి ఫోనుకు పంపినదాన్ని నాలుగుసార్లు చదివాను. పన్నెండుమంది పిల్లలు, ఎవరి ఉద్యోగం వారు చేసుకుంటూ, చాలామంది ఒకరినొకరు కళ్లతో చూసి కూడా ఎరుగకుండా, రాత్రి భోజనాలయ్యాక పద్యాలూ వచన కవితలూ ఒకరికొకరు పంపుకుని తప్పొప్పులు మాట్లాడుకుంటున్నారంటే ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదానికి సంతోషం కాక మరేముంటుంది? అయితే "ఎట్లా వ్రాశానో చూడమ్మా" అని మీ బృందంలోని ఒక అబ్బాయి పద్యం మీద వ్రాసి నువ్వు ముచ్చటపడి పంపిన ఆ విమర్శ మాత్రం నాకు మింగుడు పడలేదు. ఫోనులో చెబితే నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు, నేను గొంతు పెంచుతాను. అందుకే కాగితం తీశాను.

ముందు ఆ అబ్బాయి పద్యాన్ని ఇక్కడ మళ్లీ వ్రాస్తున్నాను. నువ్వూ నాతోపాటు ఇంకొకసారి చదువు, ఈసారి పైకి చదువు.

వాన కొరకు నాన్న వాకిట నిలుచుండి
మబ్బు వంక చూచి మాట మానె
విత్తనాల సంచి మూలలో నిదురించె
ఎద్దు లేని దొడ్డి యెండిపోయె

దీని మీద నువ్వు మూడు తప్పులు చూపించావు. మూడో పాదంలో యతి తప్పిందన్నావు, నిజమే. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. "వి"కి "మూ" కుదరదు, పోనీ రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అనుకుందామన్నా "త్త"కూ "ల"కూ పొత్తు లేదు. "నిదురించె" తర్వాత "ఎద్దు" అని విడిచిపెట్టకూడదు, సంధి చేసి "నెద్దు" అనాలన్నావు. అదీ నిజమే, పాతకాలం పండితుడెవరైనా ఆ మాటే అంటాడు. మూడోది, వానా కరువూ రైతూ అరిగిపోయిన వస్తువులన్నావు. దాని సంగతి తర్వాత చెబుతాను. ఇవన్నీ అయ్యాక చివర "ఇది పద్యం కాదు, పద్యం వేషం కట్టిన వార్త" అని ఒక వాక్యం వ్రాశావు. దానికి పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారని కూడా చెప్పావు. వాక్యం చమత్కారంగానే ఉంది, కాదనను. కానీ పాపా, అది వ్రాసేటప్పుడు నీ చూపు అతని పద్యం మీద లేదు, నవ్వబోయే ఆ పదిమంది మీద ఉంది.

సరే, మూడో పాదం దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ ఉత్తరమంతా ఆ ఒక్క పాదం కోసమే వ్రాస్తున్నాను. నువ్వు దాన్ని దిద్ది చూపించావు: "విత్తనాల సంచి వెనుక గదిని నుండె." యతి కుదిరింది, "వి"కి "వె" చక్కని మైత్రి. గణాలు కూడా లెక్కకు సరిపోయాయి. కానీ సంచి చచ్చిపోయింది. అతని పద్యంలో అది నిద్రపోతోంది, నీ దిద్దుబాటులో అది వెనుక గదిలో పడి ఉంది. ఆ పద్యంలో ఉన్నదే ఒక్క ప్రాణం, అది "నిదురించె" అనే మాటలో ఉంది, దాన్ని తీసేసి యతిని కూర్చోబెట్టావు.

అతనిది అనంతపురం వైపు పల్లె అని చెప్పావు కదా. నువ్వు బెంగుళూరు చేరి పదేళ్లయింది, అంతకుముందు కూడా నీకు పొలం తెలియదు, తప్పు నాదే, సెలవులకు తాత ఊరికి పంపకుండా ట్యూషన్లకు పంపాను. ఆ జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా పడవలసినప్పుడు పడితే. ఎర్రనేలల్లో చెనిక్కాయ విత్తాలంటే భూమికి పదును రావాలి. విత్తనం కాయగా ఉన్నంతకాలం నిలవ ఉంటుంది గాని, ఒలిచి గింజ చేశాక ఎక్కువ రోజులు ఆగదు, మొలకెత్తే శక్తి తగ్గిపోతూ వస్తుంది. మబ్బు పట్టిందని నమ్మి ఇంటిల్లిపాదీ కూర్చుని కాయలు ఒలుచుకుని, సంచికెత్తి మూలన పెట్టుకున్నాక వాన మొహం చాటేస్తే, ఆ సంచి వంక చూసేవాడికి ఎట్లా ఉంటుందో ఆలోచించు. అది నిద్రపోతోందని అతను ఊరికే అనలేదు. ఇక లేస్తుందో లేవదో అన్న భయం అందులో ఉంది. నాకు ఆ పాదం చదవగానే మా నాన్న గుర్తొచ్చాడు, ఆయన కూడా అట్లాంటి రోజుల్లో మాట మానేసేవాడు, అన్నం దగ్గర పిలిచినా పలికేవాడు కాదు.

అరిగిపోయిన వస్తువు అన్నావు చూడు, దానికి నా జవాబు ఇదే. పెన్నానది ఎండిన ఇసుక మీద విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" వ్రాసి ఎన్నో దశాబ్దాలయింది, ఆయనదీ అనంతపురం జిల్లానే, తరిమెల. ఆ తర్వాత కరువు మీద మన సీమలో ఎన్ని వేల కవితలు వచ్చాయో, వాటిలో ఎన్ని ఒకదానికొకటి నకళ్లో నాకూ తెలుసు. అయితే ఆ నకళ్లకూ ఈ పద్యానికీ తేడా ఏమిటో చెప్పవలసిన పని నీది. "ఎద్దు లేని దొడ్డి" అన్నది ఎవరైనా అంటారు, అది నేను ఇరవైచోట్ల చదివాను, దాన్ని పట్టుకుని నిలదీసి ఉంటే నేనూ నీ పక్షాన నిలబడేదాన్ని. నువ్వు మాత్రం కొత్త పాదాన్ని తప్పుపట్టి, పాత పాదాన్ని సంధి ఒక్కటి సరిచేసి వదిలేశావు.

నువ్వు ఇప్పుడు ఏమంటావో నాకు తెలుసు. విమర్శకుడు రారా పేరు ఎత్తుతావు. ఇంటరు చదివేటప్పుడు నా అలమారలోంచి ఆయన వ్యాసాలు తీసి చదివింది నువ్వే కదా. రాచమల్లు రామచంద్రారెడ్డి మన జిల్లావాడని మనకు గర్వమే; 1968లో కడప నుంచి "సంవేదన" పత్రిక తెచ్చినప్పుడు ఎంత పెద్ద పేరున్నవారినైనా మొహమాటం లేకుండా తూచినవాడని మా తరమంతా చెప్పుకునేది. కానీ ఆయన నుంచి నువ్వు కాఠిన్యాన్ని తెచ్చుకున్నావు, శ్రమను అక్కడే వదిలేశావు. ఆయన ఒక రచనను కాదన్నప్పుడు అందులోని వాక్యాన్ని బయటికి తీసి, ఇది ఇందుకు నిలవదు అని కారణం చెబుతాడు. ఒప్పుకోనివాడు కూడా ఆ కారణంతో తలపడక తప్పదు. నీ "వేషం కట్టిన వార్త"తో ఆ అబ్బాయి ఎట్లా తలపడాలి?

మన ఊరిదే ఇంకొక సంగతి. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన ఊరు ఇది. నా చిన్నతనంలో పెద్దలు ఆ కబుర్లు నిన్నమొన్న జరిగినట్టు చెప్పేవారు. తర్వాతి అవధానాలకు నేనూ వెళ్లాను, ఒకటి రెండుసార్లు అవధానిని పరీక్షించే పృచ్ఛకురాలిగా కూడా కూర్చున్నాను, నిషిద్ధాక్షరి నాకు ఇచ్చారు. నువ్వు చూడలేదు గనుక చెబుతాను. అవధాని ఒక అక్షరం చెబుతాడు, వెంటనే పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం రాకూడదో నిషేధిస్తాడు, అవధాని దాన్ని తప్పించుకుని మరో అక్షరం వేస్తాడు, ఇట్లా పద్యం అక్షరం అక్షరంగా నడుస్తుంది. చూసేవాళ్లకు పృచ్ఛకుడు అడ్డంకులు వేసే మనిషిలా కనిపిస్తాడు. కూర్చున్నాక తెలిసింది, అడ్డుకోవాలంటే కవి ఏ మాట వైపు వెళ్లబోతున్నాడో అతనితోపాటు నేనూ ఊహించాలి, అతని పద్యాన్ని లోలోపల నేనూ అల్లుతూ ఉండాలి. ఊహించలేని పృచ్ఛకుడు ఏదో ఒక అక్షరం నిషేధిస్తూ పోతాడు, అవధాని చిరునవ్వు నవ్వి ముందుకు సాగుతాడు, సభకు విసుగొస్తుంది. ఆ రోజు నాలుగైదుచోట్ల నేను ఆ రెండో రకం పృచ్ఛకురాలినే అయ్యాను, ఒప్పుకుంటున్నాను.

మీ బృందంలో నీకు ఎదుటి రకం కూడా ఉన్నారు. ఏది పంపినా రెండు నిమిషాల్లో "అద్భుతం", రెండు చేతుల దండం. వాళ్ల గురించి ఎక్కువ చెప్పను. నువ్వు వాళ్లను ఎగతాళి చేస్తావు గాని, వాళ్లూ పద్యం చదవలేదు, నువ్వూ చదవలేదు.

చదవలేదంటే కోపం తెచ్చుకోకు. పైకి చదవలేదని నా ఉద్దేశం. పుట్టపర్తి నారాయణాచార్యులు మన అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ "శివతాండవం" అల్లారని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. అది అడుగుల్లోంచి, గొంతులోంచి పుట్టిన కావ్యం. కళ్లతో గబగబా చదివితే అందులో సగం వినబడదు. మీది వచన కవిత అయినా, ఆటవెలది అయినా అంతే. ఛందస్సుకు కాలం చెల్లిందని మీలో ఒకరూ, ఛందస్సు లేనిది కవిత్వమే కాదని ఇంకొకరూ వారం రోజులు కొట్టుకున్నారని చెప్పావే, ఆ ఇద్దరినీ ఒకరి రచన ఒకరు గొంతెత్తి చదివి వినిపించమను. తగవు తీరుతుందని కాదు, కనీసం దేని గురించి కొట్టుకుంటున్నారో తెలుస్తుంది.

ఇదంతా నేను పెద్ద నీతిమంతురాలినై చెప్పడం లేదు. నువ్వు పుట్టకముందు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పదో తరగతి పిల్లవాడొకడు పాఠం అయిపోయాక భయపడుతూ వచ్చి ఒక కందపద్యం చూపించాడు. వాళ్ల అవ్వ మీద వ్రాశాడు. నేను నిలబడే ఎర్ర సిరా తీసి, మొదటి పాదం మూడో గణం కింద గీత గీసి, "బేసి గణంలో జగణం రాకూడదని నిన్ననే కదా చెప్పాను" అని కాగితం వాడి చేతిలో పెట్టాను. అంతే. పద్యంలో వాళ్ల అవ్వ ఏం చేస్తోందో ఈరోజుకీ నాకు గుర్తు లేదు, బహుశా అప్పుడు కూడా చదివి ఉండను. నిరుడు దీపావళికి చీరలు తీసుకోవడానికి వెళితే, దుకాణంలో తల నెరిసిన మనిషి లేచి నిలబడి "టీచర్" అని నమస్కారం పెట్టాడు. పద్యాలు వ్రాస్తున్నావా నాయనా అని అడిగాను, ఎందుకు అడిగానో తెలియదు. "ఎక్కడ జగణం పడుతుందోనని అప్పుడే మానేశాను టీచర్" అని నవ్వాడు. బిల్లులో వంద రూపాయలు తగ్గించాడు కూడా. ఆ చీర నేను ఇంకా కట్టలేదు.

ఇప్పుడు నువ్వేం చేయాలో చెబుతాను, చేస్తే చెయ్యి, లేకపోతే నీ ఇష్టం. ఆ అబ్బాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పవద్దు, అది మళ్లీ నిన్నే నలుగురికీ చూపించుకోవడం అవుతుంది. అతనొక్కడికే వ్రాయి. మూడో పాదంలో యతి తప్పిందని నువ్వు చెప్పిన మాట నిలబడే ఉందని చెప్పు, తప్పును తప్పనకపోవడం మర్యాద కాదు. అయితే "నిదురించె" అన్న మాటను మాత్రం వదలవద్దని చెప్పు, నీ "వెనుక గది"ని వెనక్కి తీసుకో. నాలుగో పాదం ఇంతకుముందు చాలామంది అన్నదేనని, ఆ దొడ్డిలో అతను ఒక్కడే చూసింది ఏమైనా ఉంటే అది చెప్పమని అడుగు. "మాట మానె" చదివి మీ అమ్మకు వాళ్ల నాన్న గుర్తొచ్చాడని కూడా చెప్పవచ్చు, అది నిజమే గనుక.

నేను మూడు రోజులు వంటింట్లో తిరుగుతూ ఆ పాదాన్ని నోట్లో వేసుకుని నమిలాను. శుక్రవారం పప్పు తాలింపు పెడుతుంటే తోచింది: "విత్తనాల సంచి వేసారి నిదురించె." "వి"కి "వే" కుదిరింది, నిద్ర అట్లాగే నిలిచింది, సంచికి అలసట కూడా వచ్చింది. మూల పోయింది, దానికి కొంచెం బాధగానే ఉంది. ఇది నీకు చెబుతున్నాను గాని అతనికి చెప్పవద్దు. యతి ఎక్కడ తప్పిందో, ఏ మాట నిలవాలో తెలిస్తే అతనే వెతుక్కుంటాడు, నాకంటే మంచిదే దొరకవచ్చు, వాళ్ల ఇంటి మూల అతనికి తెలిసినట్టు నాకు తెలియదు కదా.

ఇంకొక చిన్న పని. ఈ కాగితం వెనుక వైపు నా కందపద్యం ఒకటి వ్రాశాను, చాలా ఏళ్ల తర్వాత. ఒక అవ్వ మీద. రెండో పాదంలో గణాలూ యతీ అన్నీ సరిపోయాయి గాని చదువుతుంటే ఎక్కడో ఊపిరి తట్టుకుంటోంది, ఎక్కడో నాకు పట్టుబడడం లేదు. నీకు ఏ మాట దగ్గర అట్లా అనిపించిందో దాని కింద గీత గీసి పంపు. నాన్నకు చూపించలేదు, ఆయన బాగుందనే అంటారు.

ఇట్లు,
అమ్మ.