మౌతార్గాన్ చాలనుకున్న పెద్దాయన

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా నల్లజాతీయుల బ్లూస్ సంగీతంపై వచ్చిన వ్యాసం బాగుంది. అయితే అందులో బ్లూస్ గాయకుడు బాబీ రష్ ఊసే లేకపోవడం వెలితిగా అనిపించింది.

1933లో లూసియానాలోని హోమర్ దగ్గర పుట్టాడాయన. తండ్రి చర్చి పాస్టర్. పిల్లాడికి గిటారు కొనే స్తోమత లేదు. చీపురుకు చుట్టిన తీగ ఊడదీసి, గోడకు మేకులు కొట్టి బిగించి, దాన్నే మీటుకుంటూ నేర్చుకున్నాడు. తర్వాత షికాగో, అక్కణ్ణుంచి మిసిసిపీలోని జాక్సన్. ఫంక్ అనే హుషారైన డాన్సు దరువు, డాన్సర్లు, తళుకుల కోట్లు, కొంటె మాటలతో అమెరికా దక్షిణాది నల్లజాతి శ్రోతలను దశాబ్దాల పాటు ఊపేశాడు. (ఆ కొంటెతనం ఒక్కోసారి శ్రుతి మించేది, అది వేరే సంగతి.)

తొలి గ్రామీ 2017లో, 83 ఏళ్ల వయసులో వచ్చింది. ఇంకొకరైతే అదే ఫార్ములా పట్టుకుని కూర్చునేవారు. ఈయన 2020లో ‘రాయర్ దేన్ రా’ ఆల్బమ్‌ కోసం బ్యాండ్‌ను పూర్తిగా పక్కన పెట్టేశాడు. గిటారు, మౌతార్గాన్, నేల మీద కాలి తాళం, అంతే. స్కిప్ జేమ్స్, మడ్డీ వాటర్స్, హౌలిన్ వోల్ఫ్ లాంటి మిసిసిపీ పెద్దల పాటలకు తనవి కొన్ని కలిపి పాడాడు. మరుసటి ఏడాది దానికీ గ్రామీ దక్కింది. నా మటుకు మొదటి అవార్డు కన్నా ఇదే గొప్పది.

వీలు చూసుకుని ఆయనకో పేజీ కేటాయించండి. ఫొటో మాత్రం డాన్సర్లతో ఉన్నది కాకుండా, మౌతార్గాన్ ఊదుతున్నది వేయండి.

- ఒక పాఠకుడు, గుంటూరు