వార్షిక నివేదిక: ఈ ఏడాది మన తీరం నడకలు

సభ్యులందరికీ నమస్కారం. ఏడాది పనులన్నీ వరసగా రాసేముందు అందరూ అడుగుతున్న శరత్కాలం నడక (తీరాన పిట్టల్నీ పూలనీ చూడ్డానికి వెళ్లింది) గురించి చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది అదే.

ఈసారి తేదీని సెలవు చూసి కాదు, ఆటుపోట్ల పట్టిక చూసి పెట్టాం. పోయినేడాది పోటు నిండుగా ఉన్న వేళ వెళ్లి, పిట్టలన్నీ ఎక్కడో గట్టున విశ్రాంతి తీసుకుంటుంటే మనం ఖాళీ అలలు చూసి వచ్చాం. ఈసారి నీళ్లు ఎక్కడం మొదలవకముందే చేరి కదలకుండా కూర్చున్నాం, పోటు పెరిగేకొద్దీ దూరాన బురదలో మేస్తున్న ఉల్లంకులు (నీటి అంచున తిరిగే పిట్టలు) కొద్దికొద్దిగా మనవైపే జరిగాయి. వాటిలో శాండర్లింగ్‌లనే చిన్న పిట్టలైతే అల వెనక్కి పోగానే దాని వెంట పరుగెత్తడం, ఇసుకలో టకటకా పొడవడం, మళ్లీ అల వచ్చేలోగా వెనక్కి ఉరకడం. వాటి కాలికి వెనకవేలు ఉండదంటే పిల్లలు నమ్మలేదు, టెలిస్కోపు దగ్గర వరసకట్టి ఒక్కొక్కరే చూసి ఒప్పుకున్నారు.

బార్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే వలసపిట్ట ఒక్కటే కనిపించింది. ఇదే జాతిలో ఐదు నెలల పిల్ల ఒకటి 2022లో అలాస్కా నుంచి టాస్మానియాకు 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరింది, ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఇంధనం. అందుకే ఫొటో కోసం పిట్టల గుంపును లేపొద్దని ప్రతిసారీ బతిమాలుతున్నాను. లేచిన ప్రతిసారీ ఆ కొవ్వు కొంత వృథాగా కరిగిపోతుంది.

తిరుగుదారిలో పూలు. మేకగిట్టలా చీలిన ఆకుల తీగ (ఐపోమియా పెస్-కాప్రే, ఆ లాటిన్ మాటకూ మేక పాదమనే అర్థం) ఊదారంగు పూలతో ఇసుక మీద పరుచుకుని ఉంది. పూవు లోపల గొంతు ముదురు రంగులో ఉంటుంది, ఒక పెద్ద నల్లటి తుమ్మెద అందులో తలదూర్చి వెనక్కి రాలేక రెక్కలు గిలగిలా కొట్టుకుని, ఒళ్లంతా పుప్పొడితో బయటపడింది. ఎండ ముదిరితే ఆ పూలు ముడుచుకుంటాయి, ఆలస్యంగా వచ్చినవాళ్లు మొగ్గలనుకున్నారు. రావణాసురుడి మీసాలు (ఇసుకలో పెరిగే ఒక గడ్డి, దాని ఎండిన ముళ్ల బంతులు) గాలికి దొర్లుతుంటే పిల్లలు వాటి వెనక పరుగులు.

ఇక బాధ. ఆ తీగ కణుపు కణుపుకీ వేరు దించి ఇసుకను పట్టి ఉంచుతుంది. శుభ్రం చేయడం పేరుతో దాన్ని యంత్రంతో గీకేస్తున్నారని సంబంధిత అధికారులకు మూడుసార్లు రాశాం, చెత్త మేమే చేత్తో ఏరుతామనీ చెప్పాం. జవాబు లేదు. నాలుగో ఉత్తరం సిద్ధంగా ఉంది, ఈసారి సభ్యులందరి సంతకాలు కావాలి.

నడకకు పేరిచ్చింది 31 మంది, వచ్చింది 14. నెలనెలా పిట్టల్ని లెక్కపెట్టే నెలవారీ లెక్కకైతే చాలాసార్లు ముగ్గురమే. కుదరకపోతే ముందురోజు ఒక్క మెసేజ్ పెట్టండి, చాలు. చీకటితో లేచి టెలిస్కోపు మోసినవాళ్లకు, పూల జాబితా రాసిన చెల్లెమ్మలకు, ఆటుపోట్ల వేళలు లెక్కగట్టిన పెద్దాయనకు, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి చూపిస్తారు, అప్పులేమీ లేవు. టెలిస్కోపు స్టాండు ఒక కాలు వదులైంది, బాగుచేయించాలి.

వచ్చే ఏడాది నెలవారీ లెక్కకు కనీసం ఆరుగురు కావాలి. సమావేశంలోనే పేర్లు రాసుకుంటాను.

– కార్యదర్శి