మన కాలనీ మహిళా సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నిబంధన. నేను చదువుతుంటే సగం మంది ఉప్మా ప్లేట్ల వైపు చూస్తుంటారన్నది పోయిన ఏడాది అనుభవం. అందుకే ఈసారి ముందే జిరాక్సులు తీయించి ఇంటింటికీ పంపుతున్నాం. కార్యవర్గం ఈ ఏడాది 11 సార్లు కూర్చుంది, కోరం చాలక రెండుసార్లు లేచిపోయింది. బతుకమ్మ, ముగ్గుల పోటీ, కంటి పరీక్షల క్యాంపు ఎప్పటిలాగే జరిగాయి, ఫొటోలు గ్రూపులో ఉన్నాయి. ఇక మిగతా నివేదికంతా వంటింటి సరుకులతో ఇల్లు శుభ్రం చేసుకునే కార్యక్రమం గురించే. ఏడాదంతా మన ఒళ్లు హూనమైంది దానికే కాబట్టి.

ఇది ఎలా మొదలైందో కొత్త సభ్యుల కోసం ఒక్క మాట. జూన్ సమావేశంలో టీ అందించడానికి వచ్చిన వాచ్‌మన్ భార్య కప్పు పట్టుకున్న చేతి వేళ్లు తెల్లగా పొట్టు లేచి, కణుపుల దగ్గర చీలి ఉన్నాయి. అడిగితే నాలుగిళ్లలో బాత్రూములు యాసిడ్ పోసి కడుగుతానని చెప్పింది. ఆ నాలుగిళ్లలో మా ఇల్లూ ఒకటి. ఆ రోజు ఎజెండాలో ఉన్న మిగతా అంశాలన్నీ పక్కకు పోయాయి.

మొదట చేసింది బయో ఎంజైమ్, అంటే పండ్ల తొక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసే శుభ్రం చేసే ద్రవం. లెక్క చాలామందికి నోటికి వచ్చేసింది: ఒక వంతు బెల్లం, మూడు వంతులు పండ్ల తొక్కలు, పది వంతుల నీళ్లు. 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో 10 లీటర్ల నీళ్లు, 3 కిలోల తొక్కలు, కిలో బెల్లం వేస్తే గ్యాస్‌కు పైన ఖాళీ మిగులుతుంది. 90 రోజులు నిలవ ఉంచాలి. మొదటి నెలంతా రోజుకొకసారి మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి. గాజు సీసాలు వాడకూడదు. జూలై 21న నాలుగు డబ్బాలు పెట్టాం. తొక్కలు సందు చివర జ్యూస్ బండి అతను ఇచ్చాడు, అన్నీ బత్తాయివే. రోజూ సాయంత్రం సంచి కట్టి పక్కన పెట్టేవాడు, ఒక్క రూపాయి తీసుకోలేదు. బెల్లం దగ్గరే ఇబ్బందైంది. చవకగా వస్తుందని నల్లబెల్లం అడిగితే కొట్టతను నన్నూ కోశాధికారి గారినీ కిందనుంచి పైదాకా చూసి, "ఇన్ని కిలోలు ఎందుకమ్మా?" అన్నాడు. నల్లబెల్లం అంటే మన దగ్గర గుడుంబానే గుర్తొస్తుంది మరి. బాత్రూములు కడగడానికని చెబితే అతని అనుమానం ఇంకా పెరిగింది.

మొదటి విడత బాగా వచ్చింది. అక్టోబరులో మూత తీస్తే పుల్లటి వాసన, పైన పల్చగా తెల్లటి పొర. వడకట్టి అడిగిన ప్రతి ఇంటికీ లీటరు చొప్పున ఇచ్చాం. నేల తుడవడానికి బకెట్ నీళ్లకు రెండు మూడు మూతలు చాలు. టాయిలెట్‌లో మాత్రం నీళ్లు కలపకుండా పోసి రాత్రంతా వదిలేయాలి.

రెండో విడత సెప్టెంబరు 22న పెట్టాం. మూత తీసే డ్యూటీకి 30 పేర్లతో పట్టిక వేసి హాలు తలుపుకి అంటించాం. అంతా సంతకాలు పెట్టారు. దసరా సెలవులు రాగానే ఊళ్లకు వెళ్లిపోయారు. వెళ్లడంలో తప్పు లేదు, డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పాలి కదా! దసరా మర్నాడు రాత్రి రెండింటికి హాలు వెనక స్టోర్ రూంలో ఢామ్మని పేలింది. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనుకుని వాచ్‌మన్ ముందు మెయిన్ ఆపేశాడు. టార్చిలైట్ వేసి చూస్తే ఐదు లీటర్ల డబ్బా ఒకటి నిలువునా చీలిపోయి ఉంది. గోడల మీద, ముగ్గుల పోటీ బ్యానర్ మీద, కుర్చీల మీద అంతా బెల్లం నీళ్లు, బత్తాయి తొక్కలు. సీలింగ్ ఫ్యాన్ రెక్కకి ఒక తొక్క అతుక్కుని ఉంది, అది ఇప్పటికీ తీయలేదు. ఆ అర్ధరాత్రి మిగతా డబ్బాల మూతలు ఒక్కొక్కటే తిప్పుతుంటే నాకు చేతులు వణికాయి. తెల్లారేసరికి చీమలు బారులు తీరాయి. శుభ్రం చేసింది ముగ్గురం: నేను, కోశాధికారి గారు, వాచ్‌మన్ భార్య. ఆ వారం డ్యూటీ ఎవరిదో పట్టికలో ఉంది. పేరు ఇక్కడ రాయను, ఆవిడకు తెలుసు. సీసాలు పంచే రోజు మాత్రం ఆవిడే లైనులో ముందు నిలబడ్డారు.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోదగ్గది అక్టోబరు 27, ఆదివారం నాటి ఇత్తడి తోముడు. దీపావళి, ఆ వెంటనే కార్తీకం. ఇంట్లో ఉన్న కుందులు, హారతి పళ్లాలు, అమ్మమ్మల నాటి బిందెలు అన్నీ ఒక్కచోట తోముకుందామన్నాం. ఉదయం తొమ్మిదికల్లా హాలు ముందు ఆవరణ నిండిపోయింది. అరవై మంది వస్తారనుకున్నాం, గిన్నెలతో సహా లెక్కపెడితే కాలనీ అంతా వచ్చినట్టే ఉంది. చింతపండు ఎవరూ కొనలేదు. పులుసు పిండేసిన పిప్పిని వారం రోజులుగా ఫ్రిజ్‌లో దాచి తెచ్చారు, కొందరు నల్లబడిపోయిన పాత చింతపండు తెచ్చారు. పిండేసిన నిమ్మచెక్కలు ఒక బేసిన్ నిండా వచ్చాయి.

నేర్పింది మనం కాదు, మన ఇళ్లలో పనిచేసే అక్కలు. ఒకావిడ నా దీపపు కుంది తీసుకుంది. మెడ దగ్గర గీతల్లో పచ్చగా చిలుము పట్టి నేను రెండేళ్లుగా వదిలేసిన కుంది అది. పిప్పిలో చిటికెడు రాళ్లుప్పు వేసి ఆ గీతల్లో కూరి, "కాసేపు నానాలమ్మా, అప్పుడే రుద్దితే మీ చెయ్యే అరుగుద్ది" అని పక్కన పెట్టింది. పది నిమిషాల తర్వాత కొబ్బరి పీచు చిన్న ఉండగా చుట్టి, పైనుంచి కిందికి కాకుండా గీత వెంబడే తిప్పుతూ తోమింది. నీళ్లు నల్లగా, తర్వాత ఆకుపచ్చగా కారాయి. కడిగాక గాలికి వదలకుండా వెంటనే పొడిగుడ్డతో తుడిచేసింది. తడి ఉండిపోతే మచ్చలు వస్తాయట. ఆ మెడ మీద చిన్న హంస బొమ్మ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మెరుపు పూత వేసిన షోకేసు బొమ్మలకు చింతపండు పెట్టవద్దని చెప్పి వెనక్కి పంపించాం. వెండి కుందులు తెచ్చినవాళ్లకు విభూది ఇచ్చాం.

ఆ కార్యక్రమానికి పారిశుద్ధ్య విభాగం నుంచి ఒక అధికారిని పిలిచాం. మూడుసార్లు ఆఫీసుకు వెళ్లి కాగితం ఇచ్చాం, 11 గంటలకు వస్తామన్నారు. ఒంటిగంట దాకా ఆయన కోసం కుర్చీ ఖాళీగా పెట్టి, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. చివరకు ఒక పెద్దావిడ "కుర్చీకి దీపం పెట్టమంటారా?" అనేసరికి నవ్వేసి తీసేశాం. కొన్న శాలువా నా బీరువాలోనే ఉంది.

అదే రోజు మధ్యాహ్నం లెక్చరర్‌గా రిటైరైన మాస్టారు ఒక పని చేశారు, అది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. వంట సోడా మీద వెనిగర్ పోసి, బుస్సున పొంగగానే "చూశారా, మురికి ఎలా వదులుతోందో" అని చూపించే వీడియోలు మన గ్రూపులో వారానికి నాలుగు వస్తాయి. మాస్టారు గాజు గ్లాసులో పసుపు నీళ్లు పోసి వంట సోడా కలిపారు. నీళ్లు ఎర్రబడ్డాయి. "పారాణి గుర్తుందా? పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కడం ఇదే" అన్నారు. తర్వాత వెనిగర్ కొద్దికొద్దిగా పోశారు. పొంగింది, తగ్గింది, నీళ్లు మళ్లీ పసుపు రంగుకొచ్చాయి. "ఇప్పుడు ఇందులో సోడా పనీ అయిపోయింది, వెనిగర్ పనీ అయిపోయింది. మిగిలింది ఒక రకం ఉప్పు నీళ్లు. దీంతో మీరు సింకు కడుగుతున్నారు" అన్నారు. రెండూ మంచివే, కానీ దేనికది విడిగా వాడాలి. మాడిన స్టీలు గిన్నెలో నీళ్లు పోసి వంట సోడా వేసి మరిగిస్తే అడుగు వదులుతుంది. బోరు నీళ్లకు కుళాయిల మీద పట్టే తెల్లటి పొరకు వెనిగర్‌లో ముంచిన గుడ్డ అరగంట చుట్టి ఉంచాలి. సోడాను అల్యూమినియం గిన్నెలకు వాడితే నల్లబడతాయి. బట్టల సోడా, వంట సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కాదని కూడా ఆ రోజే తేలింది, ఒకరు కేకుల కోసం దాచుకున్న డబ్బా తెచ్చేశారు పాపం.

ఇది మాత్రం అందరూ చదవాలి. బ్లీచింగ్ పౌడర్‌లో గానీ, బ్లీచ్ ద్రావణంలో గానీ యాసిడ్, వెనిగర్, నిమ్మరసం, బయో ఎంజైమ్ ఏవీ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. మన కాలనీలోనే ఒక ఇంట్లో రెండూ కలిస్తే ఇంకా బాగా శుభ్రమవుతుందని పోసి, దగ్గుతో బయటికి పరుగెత్తుకొచ్చారు. తలుపులు తీసి ఉండబట్టి సరిపోయింది. ఇంకొకటి, ఇంట్లో వాంతులు విరేచనాలు ఉన్నప్పుడు మన ఇంటి ద్రావణాల మీద ఆధారపడొద్దు. అవి మురికి వదిలిస్తాయి, రోగక్రిములన్నిటినీ చంపవు. ఆ రోజుకు బ్లీచింగ్ పౌడరే వాడండి, దాన్ని ఒక్కదాన్నే.

కుంకుడుకాయల ద్రవం గురించి ఫిర్యాదులు నాకు అందాయి. రాత్రి నానబెట్టి, గింజ తీసి, ఉడకబెట్టి పిసికి వడకట్టడం మనకు కొత్త కాదు. చిన్నప్పుడు ఆదివారం తలంటు రోజున కళ్లు మండి ఏడ్చినవాళ్లమే అందరం. ఫిర్యాదల్లా "నురగ తక్కువ" అని. నురగకీ జిడ్డు వదలడానికీ సంబంధం లేదని ఎంత చెప్పినా కొందరు నమ్మలేదు. వాళ్ల బాధ అర్థమవుతుంది, నురగ లేకుండా గిన్నె తోమితే నాకూ తోమినట్టనిపించదు. బయట ఉంచితే రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోండి. సీసా మీద పేరు రాయండి. ఒకరింట్లో అల్లుడుగారు చింతపండు రసమనుకుని గ్లాసులో పోసుకున్నారు.

ఇప్పుడు నా తప్పు. నివేదిక రాసేది నేనే కనుక దాటేయొచ్చు, కానీ మెట్లు అక్కడే ఉన్నాయి. నవంబరులో హాలు మెట్ల మీద బయో ఎంజైమ్ నీళ్లు కలపకుండా పోసి, కాఫీ తాగొచ్చేసరికి మార్బుల్ మెరుపు పోయి సుద్ద పూసినట్టు తెల్లబడింది. పులుపు ఏదైనా సున్నపురాయిని తింటుంది. మార్బుల్, తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు అన్నీ ఆ జాతివే. గ్రానైట్ తట్టుకుంటుంది. ఇంట్లో ఏ బండలు ఉన్నాయో చూసుకుని వాడండి. వాటికి కుంకుడు రసం కలిపిన నీళ్లు చాలు. మెట్లకు మళ్లీ పాలిష్ పట్టించాం.

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు దీని వెనక జతచేశారు, ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు. పాలిష్ ఖర్చు "మరమ్మతులు" అన్న పద్దు కింద ఉంది, అందులో సగం నేను కట్టాను. చందా బాకీలు ఇంకా ఉన్నాయి. ఏడాదికి 300 రూపాయలకు మూడుసార్లు తలుపు కొట్టించుకోవడం ఎవరికీ బాగుండదు.

జ్యూస్ బండి తమ్ముడికి, డబ్బాలు ఇచ్చిన టిఫిన్ సెంటర్ వాళ్లకు, మాస్టారికి, ఆ రోజు పులిహోర చేసి పంపిన మా పక్కింటి వదినకు, నీళ్ల ట్యాంకరు అడగ్గానే ఏర్పాటు చేసిన అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుల వారికి, పీచు కోసం కొబ్బరి డొక్కలు దాచి ఇచ్చిన గుడి పూజారి గారికి, తొక్కలు తరిగిన పిల్లలకు, ఏ పట్టికలోనూ పేరు లేకపోయినా ఆ పేలుడు తర్వాత రోజూ మూత తీసిన వాచ్‌మన్‌కు ధన్యవాదాలు. తోముడు నేర్పిన అక్కలకు ఆ రోజు చీరలు పెట్టాం. ధన్యవాదాలు అన్నప్పుడు వాళ్లు నవ్వారు. వాచ్‌మన్ భార్య చేతులు ఇప్పుడు కొంచెం నయం. నాలుగిళ్లలో మూడు ఇళ్లు యాసిడ్ మానేశాయి, నాలుగో ఇంటివారితో మాట్లాడుతున్నాం.

జనవరి 26న పెట్టిన మూడో విడత ఏప్రిల్ 27, ఆదివారం ఉదయం పదింటికి వడకడతాం. సీసాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి, పోయినసారి తీసుకెళ్లినవి వెనక్కి ఇవ్వనివాళ్లు అవి కూడా తేవాలి. నాలుగో విడత డ్యూటీ పట్టికలో ఈసారి 10 పేర్లే రాస్తాం, నిజంగా వచ్చేవాళ్లవి. పాత పంచె ఉంటే ఒకటి తెండి, వడకట్టడానికి పోయినసారి నా చున్నీ వాడాల్సొచ్చింది.

ఇట్లు,
కార్యదర్శి